కరెంటు పోయినా ఆగని మగ్గం

సహోదరులారా, సహోదరీలారా, నిశ్శబ్దం అంటే భయపడే మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నన్ను చూడండి! చీకటంటే భయపడేవాళ్ళుంటారు, పాములంటే భయపడేవాళ్ళుంటారు, నేను మాత్రం ఇంట్లో ఫ్యాను ఆగితే చాలు చెమటలు పట్టి, చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తేవాణ్ణి. అలాంటివాణ్ణి ఈరోజు మీ ముందు నిలబడి మాట్లాడుతున్నానంటే అది నా గొప్పతనం కాదు, దేవునికే మహిమ!

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం చెప్తున్నాను, నా పేరు దయానందం. మాది బెంగళూరు దగ్గర దొడ్డబళ్ళాపురం. మా తాత కాలంలోనే అనంతపురం వైపు నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డాం. మరమగ్గాలు రిపేరు చేయడం నా పని. తొంభైల్లో మా వీధి ఎలా ఉండేదో చూసినవాళ్ళకే తెలుసు, ప్రతి ఇంటి ముందుగదిలోనూ మగ్గాలే, పొద్దున లేచింది మొదలు టకటక టకటక, పక్కన నిలబడ్డ మనిషితో మాట్లాడాలన్నా గొంతు చించుకోవాల్సిందే. పెళ్ళైన కొత్తలో నా భార్య సుగుణ, "ఏవండీ, మీరు నాతో మాట్లాడుతున్నారా, తిడుతున్నారా?" అని అడిగేది. తెనాలి పిల్ల, టీచరమ్మ, మెత్తగా మాట్లాడుకునే ఇంట్లో పుట్టింది పాపం. నాకేమో చిన్నప్పటి నుంచీ మగ్గం మోతే జోలపాట. చెవిలో కాస్త దూది పెట్టుకోవాలని మాకెవరూ చెప్పలేదు, చెప్పినా వినే రకం కాదు నేను.

ఒక మధ్యాహ్నం అన్నానికి కూర్చున్నాను, కరెంటు పోయింది. వీధంతా ఒక్కసారిగా మూగబోయింది. కానీ పక్కింటి నంజప్ప షెడ్డులో మాత్రం మగ్గం ఆడుతూనే ఉంది! టకటక టకటక, దాని మీద సన్నగా కూ అని ఈల వేసినట్టు ఒక మోత. నాకు ఒళ్ళు మండింది. ఎంగిలి చెయ్యి అలాగే పెట్టుకుని వెళ్ళి, "ఏమప్పా నంజప్పా, కొత్తగా జనరేటరు తెచ్చి మాకు చెప్పలేదే!" అని అరిచాను. నంజప్ప గడప మీద కూర్చుని ఆకు వక్క నములుతున్నాడు. "కరెంటే లేదు కదప్పా, ఇంక మగ్గం యాడాడుతుండాది? నీ తలకాయలో ఏమన్నా ఆడుతుండాదేమో చూసుకో పో!" అన్నాడు.

వాడు ఎగతాళికి అన్నాడు. కానీ సహోదరులారా, అది అక్షరాలా నిజమైంది! షెడ్డులోకి తొంగి చూస్తే మగ్గాలన్నీ చచ్చినట్టు పడి ఉన్నాయి, నా చెవిలో మాత్రం ఆడుతున్నాయి. ఇంటికొచ్చాను, ఆడుతున్నాయి. తల మీద దిండు పెట్టుకున్నాను, ఇంకా గట్టిగా ఆడుతున్నాయి! బెంగళూరుకు వచ్చి చెవి డాక్టరుకు చూపించుకుంటే ఆయన మంచివాడే, ఏవేవో పరీక్షలు చేసి, "ఏళ్ళ తరబడి మోతలో పని చేసి లోపలి నరాలు దెబ్బతిన్నాయి, దీనికి మందు లేదు, అలవాటు పడాలి" అన్నాడు. అలవాటు పడాలట! ఒంట్లో దూరిన రంపానికి ఎవడైనా అలవాటు పడతాడా అనుకున్నాను.

అప్పటి నుంచి నాకు కాలు నిలవలేదు. ఎక్కడ గోల ఎక్కువ ఉంటే అక్కడికి పోవాలి, బయటి గోలలో లోపలి గోల మునిగిపోవాలి, అదొక్కటే నా ఆరాటం. చీరలు చేరవేసే పని నాది కాకపోయినా షావుకారుల దగ్గర మూటలు అడిగి తీసుకుని బెంగళూరు చిక్కపేట బజారుకు బస్సెక్కేవాణ్ణి. అక్కడ హమాలీల కేకలు, తోపుడు బండ్లు, "సైడు సైడు" అంటూ మీద పడే జనం, ఆ తొక్కిసలాటలో నిలబడితే నాకు ప్రాణం లేచొచ్చేది. అక్కడ దుకాణాలు కట్టేస్తే నగర్తపేట సందుల్లోకి పోయి సుత్తులు మోగే చోట ఊరికే నిలబడేవాణ్ణి. "ఏం కావాలప్పా?" అని అడిగితే ఏం చెప్పను? మీ సుత్తి చప్పుడు కావాలి అని చెప్పనా? ఇల్లు చేరితే టీవీ పెట్టాలి, రేడియో పెట్టాలి, రెండూ ఒకేసారి పెట్టాలి. మా పాప ప్రేమ అప్పటికి ఇంకా బడికి పోవడం లేదు, అది ఒకరోజు నా చెవికి తన చెవి ఆనించి, "నాన్నా, లోపల మగ్గం యాడుండాది?" అని అడిగింది. నాకు ఏడుపొచ్చింది. ఏడుపు దాచుకోవడానికి దాని మీద కసిరాను.

అన్నిటికంటే ఘోరం ఏమిటో తెలుసా? నేను ప్రార్థన చేయలేకపోయాను. ఆదివారం ఇదే హాల్లో పాటలు పాడినంతసేపూ బాగుండేది, పాటలైపోయి, "దేవుని సన్నిధిలో కాసేపు మౌనంగా ఉందాం" అని అయ్యగారు అనగానే నేను తలుపు వైపు చూసేవాణ్ణి. మీరందరూ కళ్ళు మూసుకుని యేసయ్యతో మాట్లాడుకుంటుంటే నా చెవిలో టకటక టకటక! కదలకుండా ఉండి దేవుణ్ణి తెలుసుకోమనే వాక్యం చదివినప్పుడల్లా నాకు కోపమొచ్చేది. "కదలకుండా ఎట్లా ఉండేది ప్రభువా? నువ్వు నిశ్శబ్దంలో మాట్లాడతావంటారే, నా నిశ్శబ్దం నువ్వే లాగేసుకుంటే నేనెక్కడ వినేది? నన్ను వదిలేశావా? వదిలేస్తే వదిలేశానని చెప్పు!" ఇదీ ఆ రోజుల్లో నా ప్రార్థన. బస్సు వెనక సీట్లో, ఇంజను మోతలో చేసేవాణ్ణి.

ఇప్పుడు ఒక సంగతి చెప్తాను, అయ్యగారు ఏమీ అనుకోకూడదు. నా అవస్థ చూడలేక మీలో చాలామంది ఒక శుక్రవారం మా ఇంటికి ఉపవాస ప్రార్థనకు వచ్చారు, గుర్తుందా? ఎంత ప్రేమతో వచ్చారు! చెవిలో మోగేది దురాత్మ అని కొందరికి అనుమానం. దాన్ని తరిమేయాలంటే గట్టిగా స్తుతించాలని, ఎవరో పుణ్యాత్ములు కొత్తగా కొన్న స్పీకరు పెట్టెను ఆటోలో వేసుకుని తెచ్చారు! చెవి జబ్బు మనిషి, చిన్న గది, రెండు డోలక్కులు, తాంబరిన్లు, ఆ పెట్టె సరిగ్గా నా కుర్చీ పక్కన! ఒక అన్న నా రెండు చెవుల మీదా చేతులు వేసి మైకులో, "వెళ్ళిపో! ఇప్పుడే వెళ్ళిపో!" అని ఆజ్ఞాపించాడు. అది వెళ్ళలేదు, నేనే వెళ్ళిపోయాను! గోడలదిరిపోయేలా అరిచి, తాంబరిన్ లాగి పారేసి బయటపడ్డాను. నవ్వండి, ఈరోజు నేనూ నవ్వుతున్నాను. ఆ రోజు మాత్రం నాలో నిజంగా దయ్యమే ఉందని, దేవుడు కూడా దాన్ని వెళ్ళగొట్టలేకపోయాడని నాకు గట్టిగా అనిపించింది. అంతకంటే చీకటి ఏముంటుంది చెప్పండి?

సాయంత్రం ఇంటికొస్తే సుగుణ పెట్టె సర్దుతోంది. అరవలేదు, ఏడవలేదు. "ఏవండీ, రేపు సాయంత్రం బండికి పాపను తీసుకుని తెనాలి వెళ్తున్నాను. మీరు ఇంట్లో కూర్చుని అన్నం తిని ఎన్నాళ్ళైందో మీకైనా గుర్తుందా? పిల్ల మీ అడుగుల చప్పుడు వింటే మంచం కిందికి దూరుతోంది. మీరు ఒక్కచోట కూర్చోగలిగిన రోజు చెప్పండి, వస్తాను" అంది. కూర్చుంటాను అని చెప్పాలంటే కూర్చోవాలి కదా!

ఆ ప్రార్థనకు వచ్చినవాళ్ళలో అన్నమ్మవ్వ ఒకామె, మా ఊరికి అవతల పల్లెలో పట్టుపురుగులు పెంచుతుంది, బస్సు తప్పిపోయి మా ఇంట్లోనే ఉండిపోయింది. తెల్లవారి గడప దాటుతూ, "నాకు ఆకు కోసేదానికి మనుషులు లేరప్పా. నీ కాళ్ళు యెట్లాగూ నిలవవు, ఆ తిరిగేదేదో నా తోటలో తిరుగు, రా" అంది. నన్ను ఓదార్చడానికి కాదు, ఆమెకు నిజంగానే కూలి మనిషి కావాలి. ఇంట్లో సుగుణ సర్దిన ఆ పెట్టె ఎదురుగా నిలబడలేక నేను ఆమె వెంట బస్సెక్కాను.

మిట్టమధ్యాహ్నం దాకా మల్బరీ ఆకు కోసి మోపు మోసుకుని వచ్చాను. పురుగుల ఇంటి వాకిట్లో చెప్పులు విప్పించింది, చేతులు కడిగించింది, "లోపల అరవొద్దు, పురుగులకు పడదు" అంది. లోపలికి అడుగు పెట్టానో లేదో, వాన! పెంకుల మీద, ఆకుల మీద సన్నగా, ఒత్తుగా కురిసే వాన చప్పుడు! ఆకు తడిసిపోతుంది అవ్వా అని నేను గబగబా బయటికొచ్చి చూస్తే మండుటెండ. మేఘం ముక్క లేదు. మళ్ళీ లోపలికి పోయాను, మళ్ళీ వాన. నా తలకాయకు కొత్త జబ్బు పట్టుకుందనుకున్నాను.

అన్నమ్మవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "వాన కాదప్పా, పురుగులు మేస్తుండాయి. నాలుగో జ్వరం లేచినాయి కదా, ఇప్పుడు వాటికి ఆకలి జాస్తి." పురుగు పొర విడిచే ముందు మేత మాని పడుకుంటుంది, దాన్నే వాళ్ళు జ్వరం అంటారట. తట్టల మీద తట్టలు, ప్రతి తట్టలో తెల్లగా వేలకు వేలు పురుగులు, తల కూడా ఎత్తకుండా ఆకు కొరుకుతున్నాయి. ఒక్క పురుగు మేస్తే ఏం వినపడుతుంది? అన్నీ కలిస్తే వాన!

సహోదరులారా, పుట్టినప్పటి నుంచి పట్టు మధ్యలో బతికినవాణ్ణి నేను. పట్టు అంటే నాకు మోత, నూనె, ఇనుము. ఆ పట్టు ఇంత నెమ్మదిగా పుడుతుందని నేనెప్పుడూ వెళ్ళి చూడలేదు. అలా నిలబడి వింటూ వింటూ ఉంటే ఏదో తేడాగా అనిపించింది, ఏమిటా అని వెతుక్కుంటే, నా చెవిలో మగ్గం వినపడటం లేదు! ఆ మెత్తటి వానలో కలిసిపోయింది! స్పీకరు పెట్టె వెళ్ళగొట్టలేనిదాన్ని పురుగుల నోళ్ళు కప్పేశాయి! అక్కడే మోకరించాను. గట్టిగా హల్లెలూయా అనబోతే అవ్వ వేలు పెదవి మీద పెట్టుకుంది, "మెల్లిగా చేసుకో, ఆయనకు వినపడతాది."

జీవితంలో మొదటిసారి గుసగుసగా ప్రార్థన చేశాను. "యేసయ్యా, నువ్వు నన్ను వదల్లేదు. ఈ చిన్న ప్రాణులకు ఆకలి పెట్టి, ఆకు పెట్టి, వాటి మేతలో నాకు నెమ్మది పెట్టినవాడివి, నన్నెట్లా వదులుతావు? ఈ మోత తీసేస్తే తీసెయ్యి. తీయకపోతే దాని పక్కన నువ్వు కూర్చో. నువ్వుంటే నాకు భయం లేదు." అంతే, ఇంకేమీ అడగలేదు. బైబిల్లో ఒక ప్రవక్త కొండ గుహలో నిలబడ్డప్పుడు పెనుగాలిలోనూ నిప్పులోనూ కాక చివరికి మెల్లని స్వరంలో దేవుడు పలకరించాడని ఎన్నిసార్లు విన్నానో, ఆ రోజు అది నా కథ అయింది. గోడకానుకుని అలాగే కూర్చుండిపోయాను, ఎప్పుడు కన్నంటుకుందో తెలీదు.

కళ్ళు తెరిస్తే వాకిట్లో సుగుణ! బండెక్కే ముందు చెప్పి వెళ్దామని వచ్చిందట. చేతిలో పెట్టె ఉంది, చెప్పులు విప్పి గడప బయటే నిలబడింది. ఎంతసేపటి నుంచి నిలబడిందో! నేను కదలకుండా కూర్చుని నిద్రపోవడం చూసి ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. పాప మాత్రం మెల్లగా లోపలికొచ్చి నా ఒళ్ళో కూర్చుంది. ఆ సాయంత్రం బండి వాళ్ళు లేకుండానే వెళ్ళిపోయింది.

అయితే అబద్ధం చెప్పను. సాక్ష్యం అంటే ఉన్నది చెప్పాలి. పురుగుల ఇల్లు దాటి రోడ్డెక్కగానే మగ్గం మళ్ళీ మొదలైంది. ఇప్పటికీ ఉంది. నంజప్ప, "ఏమప్పా, మీ దేవుడు సగమే రిపేరు చేసినాడే!" అని ఆటపట్టిస్తాడు. సగం కాదు నంజప్పా అంటాను నేను, చెడిపోయింది చెవి కంటే ముందు నా గుండె, ఆయన దాన్ని పూర్తిగా బాగు చేశాడు. ఆ మోత ఇప్పుడు నన్ను తరమదు. వేపచెట్టు గాలికి ఊగినప్పుడు, కుళాయి కింద బిందె నిండుతున్నప్పుడు, సుగుణ బియ్యం చెరుగుతున్నప్పుడు నా తండ్రి నన్ను పిలుస్తున్నాడని ఆగుతాను. ఇంట్లో కూర్చుని అన్నం తింటాను. మొన్న ఒక తమ్ముడు, "అన్నా, ఆ పురుగుల్ని చివరికి వేడినీళ్ళలో వేస్తారు కదా, దానికేమంటావు?" అని అడిగాడు. అదీ నిజమే తమ్ముడూ, నాకు చూపించినంతే నేను చెప్తున్నాను. మగ్గాల దగ్గర పని చేసే పిల్లలకు మాత్రం ఒక మాట, చెవుల్లో అడ్డం పెట్టుకోండి, మోత మొదలైతే డాక్టరు దగ్గరికి పోండి, ప్రార్థనా చేయించుకోండి, కానీ స్పీకరు పెట్టె వద్దు!

ఇక్కడ ఎవరి లోపల ఏ మోత ఉందో నాకు తెలీదు. కొందరికి జబ్బు మోత, కొందరికి భయం మోత, కొందరికి ఇంట్లో గొడవ మోత. అది ఆగాకే దేవుడొస్తాడని ఎదురు చూడకండి అన్నా, అక్కా! అది మోగుతుండగానే ఆయన వస్తాడు, వచ్చి పక్కన కూర్చుంటాడు, ఆయన్ని నమ్మండి. అయ్యగారూ, మీరు అనుమతిస్తే ఈరోజు మౌన ప్రార్థన నేనే నడిపిస్తాను. ఎవరైనా ఆ ఫ్యాన్లు కాస్త ఆపండి. అన్నీ ఆపండి, నాకేం ఫరవాలేదు. కళ్ళు మూసుకుందాం.