వీపు చూపని వాటీ డ్రమండ్

వాటీ డ్రమండ్ వీపు ఎలా ఉంటుందో స్కాట్లండ్‌లోని డండీ ఊళ్లో ఎవరికీ తెలియదు. అతని కోట్లు కుట్టే దర్జీకి తెలిసుండాలి గానీ, అడిగితే ఆయన కూడా ఒట్టేసి చెప్పలేనన్నాడు. స్టేజీ మీదైనా, టీ దుకాణంలోనైనా, చివరికి చర్చిలోనైనా వాటీ మొహం జనం వైపే తిరిగి ఉండేది. ఆ మొహంలో ముప్పాతిక భాగం నోరే. ఆ నోరు ఒక్కో మాటనీ సాగదీసి, నమిలి, పెదవుల అంచుదాకా తెచ్చి అందరికీ చూపించాక గానీ బయటికి వదిలేది కాదు.

అతని పని మనుషుల్ని అనుకరించి నవ్వించడం. ట్రాము కండక్టరు, పాస్టరు గారు, మిల్లు మేనేజరు లాక్‌హార్ట్, మాంసం కూరిన బ్రైడీలు అమ్మే లావుపాటి మిసెస్ డఫ్, ఎవరైనా సరే, రెండు నిమిషాలు చూశాడంటే చాలు. గొంతొక్కటే కాదు, దవడ కూడా అచ్చు దిగిపోయేది. ఊళ్లోని థిసిల్ థియేటర్‌ని పంతొమ్మిదేళ్లు ఆ దవడే పోషించింది.

ఆ పంతొమ్మిదేళ్లూ స్టేజీ ముందున్న వాద్యగాళ్ల గుంతలో కూర్చుని పియానో వాయించింది ఎఫీ రాట్రే. ఆమె వీపు ప్రేక్షకులకి, మొహం వాటీకి. అంతకాలం ఆ మొహం చూశాక మనిషికి మోక్షమైనా రావాలి, పిచ్చైనా పట్టాలి. ఎఫీకి రెండూ కాలేదు గానీ కోపం మాత్రం బాగా వచ్చేది. “తన మొహం ఒక్క క్షణం కనపడకపోతే జనం ఏమైపోతారో అని వాటీకి బెంగ” అనేది. అతనిది ఉత్త అహంకారమని ఆమె తీర్పు చెప్పేసి చాలా ఏళ్లయింది.

స్టేజీ దిగేటప్పుడు కూడా వాటీ జనం వైపు నవ్వుతూ వెనక్కి వెనక్కి నడిచేవాడు. స్టేజీ పక్కన తాళ్లుంటాయి, మెట్లుంటాయి, మంటలార్పడానికి పెట్టిన ఇసుక బకెట్లుంటాయి. అన్నిట్లోనూ పడ్డాడు. ఒకసారి వెళ్లి పెద్ద డ్రమ్ములో కూర్చున్నాడు.

“తోలు చిరిగిపోయింది వాటీ!” అని ఎఫీ గుంతలోంచి అరిచింది.

“నాదా, డ్రమ్ముదా?”

“ఒక్కసారి అందరిలాగా అటు తిరిగి నడిస్తే నీ సొమ్మేం పోయింది?”

“వాళ్లు టిక్కెట్టు కొన్నది మొహానికి తల్లీ. వీపు చూపిస్తే మోసం కిందికొస్తుంది.”

పెళ్లినాడు కూడా అంతే. పాస్టరు గారికి వీపు పెట్టి, మొదటి బల్ల మీద కూర్చున్న తన తల్లి వైపు తిరిగి నిలబడ్డాడు. పెళ్లికూతురు నాన్ ఒకవైపు చూస్తోంది, పెళ్లికొడుకు ఇంకోవైపు. పాస్టరు గారు కాసేపు ఓర్చుకుని, “డ్రమండ్! నువ్వు పెళ్లాడేది ఈ అమ్మాయినా, ఈ జనాన్నా?” అన్నారు. వాటీ తల తిప్పకుండానే, పాస్టరు గారి గొంతుతోనే, “ఈ అమ్మాయినే. జనం సాక్షులు కదా, మరి సాక్షులకి కనపడొద్దా?” అన్నాడు. పాస్టరు గారికి అంత కోపంలోనూ తన గొంతు ఇంత బాగుంటుందా అనిపించిందట.

ఆ తర్వాత ఎడిన్‌బరో నుంచి మిస్ డెలాఫీల్డ్ అనే గాయని వచ్చింది. ఇద్దరూ చేతులు పట్టుకుని ప్రేమ పాట పాడాలి. ఆమె అతని కళ్లలోకి చూస్తుంది, అతని కళ్లు హాల్లో ఉంటాయి. ఆమె తెలివిగా అతనికి అడ్డం వచ్చి నిలబడితే, అతను ఆమె భుజం మీదుగా మెడ సాచి పాడతాడు. మూడో రోజు ఆమె పాట మధ్యలో ఆపేసింది.

“మిస్టర్ డ్రమండ్! మీరు ప్రేమిస్తున్నది నన్నా, మొదటి వరసనా?”

“మొదటి నాలుగు వరసల్నీ అమ్మా” అన్నాడు వాటీ వినయంగా. హాలు దద్దరిల్లిపోయింది. మర్నాడు పొద్దున్న బండికి ఆమె ఎడిన్‌బరో వెళ్లిపోయింది.

ఆ మొదటి నాలుగు వరసల సంగతి కొంచెం చెప్పాలి. డండీ గోనెగుడ్డ మిల్లుల మీద బతికే ఊరు. బెంగాల్ నుంచి జనపనార ఓడల్లో దిగేది, ఆడవాళ్లు మిల్లుకి పోయేవాళ్లు, పని దొరకని మగవాళ్లు ఇంట్లో టీ కెటిల్ పెట్టుకుని కూర్చునేవాళ్లు. మిల్లులో నూలు వడికే ఆడవాళ్లు శాలువాలు కప్పుకుని పనికి పోతే, మగ్గాల మీద నేసేవాళ్లు టోపీ, చేతి తొడుగులు వేసుకుని రాణుల్లాగా పోయేవాళ్లు. ప్రతి శనివారం మధ్యాహ్నం ఆటలో మొదటి నాలుగు వరసలూ ఆ నేతవాళ్లవే. హాల్లో కూడా టోపీలు తీసేవాళ్లు కాదు. “కాస్త టోపీ తీయమ్మా, ఏమీ కనపడ్డం లేదు” అని వెనకాయన బతిమాలితే, వినపడనట్టే కూర్చునేవాళ్లు. ఎంత పొగరో చూడు అని ఆయన పళ్లు నూరుకునేవాడు.

వాటీ తల్లి జెస్సీ ముప్పై రెండేళ్లు ఆ టోపీ పెట్టుకున్న మనిషి. వాటీ కూడా పదిహేడో ఏట అదే మిల్లులో మగ్గాలు బాగుచేసే పనిలో చేరాడు. పదకొండో రోజున మేనేజరు లాక్‌హార్ట్ వెనకాలే నడుస్తూ ఆయన నడక, ఆయన మూతి, ఆయన తిట్లు దింపేసి నేతషెడ్డు మొత్తాన్ని నవ్వించాడు. లాక్‌హార్ట్ వెనక్కి తిరిగి చూశాడు. ఉద్యోగం ఊడింది, వృత్తి దొరికింది.

“రెండొందల మగ్గాలు ఒక్కసారి ఆడుతుంటే నీ గొంతు ఎవరికి వినపడిందోయ్?” అని ఎఫీ ఎన్నిసార్లు అడిగినా, “అదంతా కళ ఎఫీ, కళ” అని దాటేసేవాడు. ఎఫీ పుట్టింది ఊరి పక్కన డబ్బున్నవాళ్లుండే బ్రాటీ ఫెర్రీలో, తోట ఉన్న ఇంట్లో. ఆమె మిల్లు గడప తొక్కిన మనిషి కాదు. మిల్లు ఆడవాళ్లు వీధిలో ఒకరి మొహంలో ఒకరు మొహం పెట్టి అరుచుకుంటూ మాట్లాడుకుంటుంటే ఆమెకి అదొక మోటు అలవాటుగా తోచేది.

ఎఫీకి ఉన్నది ఒకే ఒక్క కోరిక. లండన్‌లో, గుంతలో కాదు, స్టేజీ మీద, దీపాల వెలుగులో కూర్చుని పియానో వాయించాలి. ఆమె అక్క ప్రతి ఆదివారం భోజనానికి పిలిచి, బంగాళదుంపలు వడ్డిస్తూ, “ఇంకా ఆ గోతిలోనే ఉన్నావుటే?” అని అడిగేది. ఎఫీ ఆ దుంపలు కంచంలోనే వదిలేసి లేచేది. ఆ గోతిలోంచి ఆమెని పైకి తీయగలవాడు వాటీ ఒక్కడే. అందుకే అతన్ని ఎంత తిట్టుకున్నా వదల్లేదు.

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన ఎనిమిదో ఏడు లండన్ నుంచి, అక్కడ థియేటర్లలో ఆటలు వేయించే హార్‌గ్రీవ్ అనే పెద్దమనిషి దిగాడు. రెండు రోజులు ఆట చూసి, ఇద్దరినీ టీకి పిలిచాడు.

“మీరు బంగారం మిస్టర్ డ్రమండ్. లండన్‌లో ఆరు నెలలు ఆట, ఆ తర్వాత టెలివిజన్. పియానో మేడమ్ గారు కూడా రావాలి, స్టేజీ మీదే కూర్చోబెడతాను.”

ఎఫీ కప్పు కింద పెట్టేసి కుర్చీ ముందుకి జరుపుకుంది.

“ఒక్క చిన్న సవరణ. ఇద్దరు మనుషులు మాట్లాడుకుంటున్నట్టు చేసేటప్పుడు ఒకరి మాటకి ఇటు తిరగాలి, రెండోవాళ్ల మాటకి అటు తిరగాలి. అందరూ చేసేదదే. మీరేమో ఎదురుగా నిలబడి ఆ నోరు... ఆ నోరు సగానికి సగం తగ్గాలి.”

వాటీ హార్‌గ్రీవ్ గొంతుతోనే, హార్‌గ్రీవ్ మూతితోనే జవాబిచ్చాడు. “నా మొహం ఎటు పెట్టుకోవాలో చెప్పడానికి అంత దూరం నుంచి వచ్చారా? పాపం. ఇంకో బ్రైడీ తినండి.”

బయటికి రాగానే ఎఫీ అతన్ని గోడకి ఆనించి నిలబెట్టింది.

“నీ పొగరు తగలెయ్య! పంతొమ్మిదేళ్లు నీ మొహం చూశాను వాటీ. నా మొహం చూసి ఒక్క పూట పక్కకి తిరగలేవా? నాకు నలభై నాలుగు. ఇంకో హార్‌గ్రీవ్ రాడు.”

వాటీ టోపీ తీసి అంచు ఒకసారి తిప్పాడు. “శనివారం మధ్యాహ్నం ఆటలో తిరుగుతాను. నీ కోసం తిరుగుతాను” అన్నాడు. ఈసారి ఎవరి గొంతూ పెట్టలేదు.

శనివారం హార్‌గ్రీవ్ పియానోని గుంతలోంచి ఎత్తించి స్టేజీ మీద ఓ పక్కగా పెట్టించాడు. తను స్టేజీని ఆనుకున్న బాల్కనీలో కూర్చున్నాడు. ఎఫీ నీలం సిల్కు గౌను వేసుకుంది. తెర లేచింది. పంతొమ్మిదేళ్లలో మొదటిసారి ఆమె ప్రేక్షకుల్ని చూసింది.

మొదట వాటీ ఎప్పట్లా ఎదురుగా నిలబడి ట్రాము కండక్టర్ని అనుకరించాడు. ముందు వరసల్లోని టోపీల కింద పెదవులు కదులుతున్నాయి. వాటీ పెదవులు ఎలా కదిలితే అవీ అలాగే కదులుతున్నాయి. రెండో వరసలో నెల్ గౌర్లే అనే పెద్దావిడ, పక్కావిడ తుమ్మి ఒక మాట పోగొట్టుకుంటే, ఒళ్లో వేళ్లు గబగబా ఆడించి ఆ మాట అందించింది. నవ్వు ముందు ఆ నాలుగు వరసల్లో పుట్టి, తర్వాత వెనక్కి పాకింది.

అప్పుడు లాక్‌హార్ట్‌కీ పాస్టరు గారికీ మధ్య సంభాషణ వచ్చింది. వాటీ ఒకసారి ఎఫీ వైపు చూసి, ఇచ్చిన మాట ప్రకారం పక్కకి తిరిగాడు.

నాలుగు వరసల టోపీలూ ఒక్కసారిగా అటు ఒరిగాయి. అతను ఇటు తిరిగితే ఇటు ఒరిగాయి. చివరి కుర్చీలో ఆవిడ మరీ ఒరిగి నడవలో పడింది. వెనక వరసలు నవ్వాయి, ముందు వరసలు నవ్వలేదు. వెనక్కి తిరిగి నవ్వుతున్నవాళ్లని చూశాక, ఒక్క క్షణం ఆలస్యంగా, అర్థమైనట్టే నవ్వారు. ఆ దొంగ నవ్వు ఎఫీ కంట పడింది.

నెల్ గౌర్లే మాత్రం నవ్వలేదు. లేచి నిలబడింది.

“ఒరేయ్ జెస్సీ కొడకా! ఆ మొహం ఇటు తిప్పరా! నీ చెవి చూడ్డానికా మేం ఇంత ముస్తాబై వచ్చింది?”

ఎఫీ చేతులు పియానో మీద వాటంతటవే ఆడుతున్నాయి. వాటీ ఆమె వైపు వచ్చి, నాలుగు వరసలకీ చెవి మాత్రమే కనపడేట్టు నిలబడ్డాడు.

“వాటీ, వాళ్లకి వినపడదా?” అని ఎఫీ మెల్లిగా అడిగింది.

“మగ్గాల మధ్య పదేళ్లుంటే ఎవరి చెవులు మిగుల్తాయి? మా అమ్మకి నా ఇరవయ్యో ఏటికే పోయాయి. పెదాలు చూసి చదువుకుంటారు.”

“నాతో ఒక్క ముక్క చెప్పొచ్చు కదా!”

“చెప్తే నువ్వు జాలిపడతావు. జాలిపడే మొహాన్ని వాళ్లు ఇట్టే చదివేస్తారు. టోపీ పెట్టుకున్న నేతమనిషికి చెవుడంటే ఊరుకుంటారా? నన్ను పొగరుబోతని తిట్టుకున్నావు, ఎవరికీ ఏ నష్టం లేదు.”

“అద్భుతం! అలాగే పక్కకే ఉండండి!” అని బాల్కనీలోంచి హార్‌గ్రీవ్ కేక పెట్టాడు.

ఎఫీ వాయించడం ఆపి లేచింది. వాటీ రెండు భుజాలూ పట్టుకుని, తలుపు తిప్పినట్టు జనం వైపు తిప్పి నిలబెట్టింది.

“మేడమ్! ఆయన్ని ముట్టుకోమని మీకు ఎవరు చెప్పారు? మీకు లండన్ అక్కర్లేదా?”

హార్‌గ్రీవ్‌కి జవాబు చెప్పాలంటే ఎఫీ పక్కకి తిరగాలి. తిరగలేదు. నాలుగు వరసల టోపీలకి ఎదురుగా నిలబడి, బ్రాటీ ఫెర్రీలో ఎంతో మర్యాదగా పెంచిన తన చిన్న నోటిని చెవుల దాకా తెరిచింది.

“నాకు లండన్ అక్కర్లేదా అని ఈ పెద్దమనిషి అడుగుతున్నాడు! కావాలి! పంతొమ్మిదేళ్లుగా కావాలి! కానీ ఆయనకి మా వాటీ చెవి కావాలిట! చెవి కోసి, కాగితంలో చుట్టి, పోస్టులో పంపిస్తాను! మొహం మాత్రం ఈ ఊరిది! ఇవ్వను గాక ఇవ్వను!”

ముందు నాలుగు వరసలు పేలాయి. ఆ తర్వాతే వెనక హాలు. నెల్ గౌర్లే నవ్వి నవ్వి టోపీ కింద పడేసుకుంది. దాన్ని తీసి దులిపి పెట్టుకుంటూ, “ఎవరే ఈ పిల్ల? ఇన్నాళ్లూ ఎక్కడ దాచారు దీన్ని?” అని అందరికీ వినపడేట్టు అడిగింది. హార్‌గ్రీవ్ ఆట అయ్యేదాకా ఉండలేదు.

ఎఫీ పియానో మళ్లీ గుంతలోకి దిగలేదు. దింపడానికి వచ్చినవాళ్లని ఆమె దగ్గరికి రానిస్తేగా! ఆదివారం అక్క ఎప్పటిలాగే అడిగితే, “శనివారం వచ్చి చూడు, టిక్కెట్టు కొనుక్కుని” అని రెండోసారి దుంపలు వడ్డించుకుంది.

ఆ శనివారం థిసిల్ థియేటర్‌లో అన్నిటికంటే పెద్ద నవ్వు వచ్చింది మాత్రం ఎఫీ రాట్రే మాటకే. వాటీ డ్రమండ్ ఎంత దయగల మనిషైనా, ఆ ఒక్క విషయంలో మూడు వారాల పాటు ఆమెని క్షమించలేదు.