మూడో మేకు

సికింద్రాబాద్‌లో మధ్యాహ్నం మూడు దాటాక రైలెక్కాను. సూరత్ చేరేది మర్నాడు ఉదయం ఆరున్నరకి. మీరూ వెళ్లేటట్టయితే సైడ్ అప్పర్ బెర్తు మాత్రం తీసుకోకండి, కాళ్లు చాపుకోవడానికి ఉండదు.

నేను బొమ్మలు వేస్తాను, నేస్తాను, వీడియోలు తీస్తాను, ఒక్కోసారి గంటల తరబడి ఒక మూల నిలబడి అదే కళ అంటాను. పదిహేనేళ్లుగా నా పనంతా ఒకటే: మనిషి ఎవరు, అతనికి దక్కే చోటెంత? ఢిల్లీలో చప్పట్లు కొట్టారు, కొచ్చిలో కొట్టారు. మా నాయిన ముప్పై ఏళ్లుగా మరమగ్గాలు నడుపుతున్న సూరత్‌లో ఇదే మొదటి ప్రదర్శన. ఆయన నా పని ఎప్పుడూ చూడలేదు. చూసి ఒక్క మంచి మాట అంటే చాలు, దానికోసమే వెళ్తున్నాను.

ఎదురు సీట్లో ఒక సిరిసిల్ల పెద్దమ్మ, సూరత్‌లోనే పర్వత్ పాటియాలో ఉన్న కొడుకు దగ్గరికి పోతోంది.

"ఏం పని జేస్తవ్ బిడ్డా?"

"బొమ్మలేస్తా."

"గోడలకా? మా అల్లుడు గూడ గోడలకేస్తడు. మంచిగనే నడుస్తది."

సర్వపిండి ముక్క కూడా పెట్టింది. వికారాబాద్ దాటేలోగా ఇద్దరం ఖాళీ చేశాం.

సూరత్ స్టేషన్ బయట వేడి శెనగపిండి లోచో తిని, ఆటోలో గ్యాలరీ ఉన్న ఆల్థాన్ చేరేసరికి ఎనిమిది. గ్యాలరీ పదకొండుకు తెరిచారు. ప్రదర్శనలో ముఖ్యమైంది ఒక పాత చెక్కపలక, దానికి పన్నెండు మేకులు, నాయిన భాషలో మొలలు. మరమగ్గాలుండే పాండేసరలో నాయినతో కలిపి పన్నెండు మంది ఒకే గదిలో ఉండేవాళ్లు, ఆరుగురు పనికి పోతే ఆరుగురు పడుకునేవాళ్లు. పరుపు ఎవరిదీ కాదు, మేకు మాత్రం ఎవరిది వాళ్లదే. ఇంకొకరి మేకుకు చొక్కా తగిలిస్తే కొట్లాటే. గది కూల్చినప్పుడు ఆ పలకను దాచి నాకిచ్చింది నాయినే.

పన్నెండున్నరకి ఆయన వచ్చాడు. డ్యూటీ నుంచి నేరుగా, జుట్టులో నూలు నుసితో, చేతిలో టిఫిన్ సంచితో. నేను ముంబై అతిథులకు చోటు గురించి ఉపన్యాసం దంచుతున్నాను. నాయిన పలక ముందు ఆగాడు. చెయ్యి దానంతటదే లేచి సంచిని మూడో మేకుకు తగిలించింది.

"ఏయ్ కాకా! హాథ్ మత్ లగావో!" ముట్టుకోవద్దంటూ గార్డు సంచి లాగి కింద పెట్టాడు.

అందరూ తిరిగి చూశారు. 'మా నాయిన' అనడానికి ఎంతసేపు? నా నోట్లోంచి హిందీలో వచ్చింది ఇది: "పోనీలెండి, పాపం, తెలియక చేశాడు."

నాయిన విన్నాడు. సంచి తీసుకుని వెళ్లిపోయాడు. నేను మాట్లాడుతూనే ఉన్నాను. ఛీ, నాదీ ఒక బతుకేనా!

నాలుగున్నరకి పాండేసర వెళ్లాను. చాయ్ బండి దగ్గర నాయిన నాకూ ఒక చాయ్ చెప్పాడు. తిట్టినా బాగుండేది.

"తప్పైంది నాయినా."

"గట్లనకు. గని తెల్వక జేసిండన్నవ్ సూడు..." చాయ్ ఊదుకున్నాడు. "ఇర్వై ఏండ్లు గా మొలకే తగిలిచ్చిన బిడ్డా. నా మొల నాకు తెల్వదా?"

నా పని గురించి ఇంకేమీ అనలేదు. ఇక ఏమని అడగను?

మర్నాడు తిరుగు రైల్లో ఉండగా గ్యాలరీ నుంచి ఫోను. పలక అమ్ముడుపోయిందట. కొన్నవాళ్లు అడుగుతున్నారట, ఆ సంచి తగిలించిన ముసలాయన ఎవరని.

"మా నాయిన," అన్నాను.

"అయ్యో, ముందే చెప్పాల్సింది మేడమ్! ధర ఇంకా పెంచేవాళ్లం."

ఫోను పెట్టేశాను. పక్క సీటాయన సంచి పట్టుకుని లేచి, కిటికీ పక్కనున్న కొక్కెం చూపించి, "ఇది మీదా?" అని అడిగాడు. నాది కాదన్నాను.