ఎవరూ అడగని ప్రశ్న

కళాశాల వాదప్రతివాద పోటీలలో నేర్చుకున్న పద్ధతి ఒకటి ఉంది: మన వాదంలోని లోటును మనం ముందుగా బయటపెట్టకూడదు, ప్రత్యర్థి ఎత్తిచూపినప్పుడే ఒప్పుకొని, జవాబు చెప్పి మెప్పు పొందాలి. ఈ మధ్య నంద్యాలలో లారీ డ్రైవర్ల సమావేశానికి నేను ఆ పద్ధతితోనే వెళ్లాను.

హెచ్ఐవీ నివారణకు ఉపయోగపడే సున్తీ ఆపరేషన్, కోరిన ప్రతి మగవాడికీ ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా అందాలన్నది నా వాదం. ఒక డ్రైవరు లేచాడు.

"సున్తీ చేపిచ్చుకుంటే సాయిబులమైపోమా అన్నా?"

"పన్ను పీకించుకుంటే మతం మారుతుందా?" అన్నాను.

నవ్వులు, చప్పట్లు. ఆ ఆపరేషన్ మగవాడికి స్త్రీ నుంచి సోకే ముప్పును తగ్గిస్తుందే తప్ప పూర్తిగా ఆపదనీ, అతని భార్యను నేరుగా కాపాడదనీ, కండోమ్ తొడుగులూ హెచ్ఐవీ పరీక్షలూ మానకూడదనీ ఎవరైనా ఆక్షేపించినప్పుడు చెబుదామనుకున్నాను. ఎవరూ ఆక్షేపించలేదు. టీ వచ్చింది. అందరూ లేచారు.

ఆ రోజు విన్నవారిలో మా పెదనాన్న కొడుకు కూడా ఉన్నాడు. ఆళ్లగడ్డలో కాపురం, లారీ మీద ఊళ్లు తిరిగే పని. ప్రైవేటు డాక్టరు దగ్గర ఆపరేషన్ చేయించుకున్నాడని, గాయం కూడా మానిందని తెలిసి, చూసి వద్దామని గర్వంగానే బస్సెక్కాను.

"రాప్పా లాయరూ!" అన్నాడు మంచం మీద నుంచే. "నీ పుణ్యమా అని ఇంగ ఆ తొడుగుల పీడా లేదు, టెస్టుల పీడా లేదు. మీ వదినకు గూడా జెప్పినా."

లారీ మీద తిరిగేటప్పుడు అన్న నడవడి ఎలాంటిదో వదినకు తెలుసు. తొడుగు లేనిదే దగ్గరికి రానీయనన్న నియమం ఆమె పెట్టినదే. ఆ నియమాన్ని అన్న నా మాటలతో ఓడించాడు.

వదిన చాటలో శనగలు ఏరుతూ తలెత్తింది. "నిజమేనాప్పా? ఆయప్ప చేపిచ్చుకుంటే నాకు గూడా రాదా?"

నంద్యాలలో ఎవరూ వేయని ప్రశ్న అది. నోటి నిండా చక్కని వాక్యాలు సిద్ధమయ్యాయి. వాటిని మింగేశాను.

"లేదు వదినా. అన్నకు ముప్పు తగ్గుతాది, పోదు. దాంతో నీకు రక్షణ లేదు. నువ్వు పెట్టిన పద్ధతే సరైంది."

"మరి ఆ పొద్దు ఏమిటికి జెప్పలేదురా?" అన్న లేచి కూర్చున్నాడు.

"ఎవరూ అడగలేదన్నా."

వదిన చాట కింద పెట్టింది. "అడిగేకి ఆ మీటింగులో నేను లేను గదప్పా." గోడకేసి చూస్తూ అంది: "పోయిన వారమే ఆయప్ప మాట నమ్మినా."

మరుసటి ఉదయం ముగ్గురమూ నంద్యాల ఆసుపత్రికి వెళ్లాము. ఇద్దరికీ పరీక్షలో ఏమీ లేదన్నారు. అయితే ఇంత తొందరగా తేల్చలేమనీ, కొన్ని వారాలు గడిచాక మళ్లీ రావాలనీ చెప్పారు. ఆ ఫలితం కూడా మంచిదే అయితే నా తప్పు చిన్నదైపోతుందా? ఈ ప్రశ్న మీద రెండు వైపులా వాదించగలను. నాకు నిద్ర పట్టించే వైపు మాత్రం దొరకలేదు.

తిరుగు బస్సులో అన్న ముందు సీట్లో కూర్చున్నాడు, వెనుదిరిగి చూడలేదు. వదిన దిగేముందు నా వైపు వంగింది.

"ఇంగోసారి మీటింగు పెడితే నన్ను గూడా పిల్చుకపో. అడిగేవాళ్లు ఒకరన్నా ఉండల్ల."