నవ్వితే తెలిసే ఫ్రేము

చిక్కడపల్లిలో కళ్ళద్దాలమ్మే మా తాత నరహరి ముందుగా అద్దం చూపించడు. ముక్కు మీద వేలు రాసి, చెవుల వెనక తడిమి, ఫ్రేము పెట్టి, పాచిపోయిన జోకొకటి చెబుతాడు. నవ్వినప్పుడు బుగ్గలు ఫ్రేమును పైకి లేపితే అది ఆ ముఖానిది కాదట. ఆ వేలికి ఏ కొలబద్దా సాటి రాదు.

ఒకరోజు అశోక్ నగర్ హాస్టల్ నుంచి నవత వచ్చింది. మర్నాడే గ్రూప్-టూ పరీక్ష. తల వంచితే కళ్ళద్దాలు జారిపోతున్నాయి. తాత ఒక ఫ్రేము పెట్టి చెప్పిన జోకు విన్నా నవ్వలేదు. "రెండుసార్లు పోయింది తాతా. నవ్వెట్ల వస్తది?" "నా జోకుకు ఎవరు నవ్విన్రు బిడ్డా? ముసలోడు పాపమని నవ్వుతరు," అన్నాడు తాత. నవత నవ్వేసింది. ఫ్రేము లేచింది. వెంటనే మరొకటి ఎంచి, ఆమె పాత అద్దాలను సానబట్టి అందులో బిగించాడు. ఎడమ చెవి కాస్త ఎత్తుందని ఆ వైపు కాడను వేడిచేసి వెంట్రుకవాసి వంచాడు. కాగితమిచ్చి రాయమన్నాడు. ఆమె తల వంచి అరగంట రాసింది. ఫ్రేము కదల్లేదు. దాన్నే చూస్తూ తాతా కదల్లేదు.