నాలుగో దెబ్బకు ఆగని కాలు

ఒక ఆదివారం అరసవల్లి నుంచి విజయనగరం దాకా ఒకరోజు సల్సా శిక్షణకు వెళ్లడానికి కారణం నా కుడికాలు. పక్కనే ఉన్న శ్రీకాకుళంలో నేనూ నా భార్య సుజాతా కొన్ని నెలలుగా ఈ జంట నృత్యం నేర్చుకుంటున్నాం. తాళంలో మూడు దెబ్బలకు మూడు అడుగులు వేసి నాలుగో దెబ్బకు ఆగాలి. నేను ఆగను, నేలను గుద్దుతాను. రెండుసార్లు ఆమె పాదాన్నే గుద్దాను. క్లాసు తరఫున ప్రదర్శన దగ్గర పడింది. "ఈపాలి కూడా గుద్దినావంటే ఇంకెవులితోనైనా స్టేజీ ఎక్కుతాను బావా. అప్పుడు నన్నేటీ అనకు" అంది. మేనమామ కూతురు, పెళ్లయ్యాకా బావా అనే పిలుస్తుంది.

ఉదయం ఏడు గంటలకు శ్రీకాకుళం కాంప్లెక్సులో బస్సెక్కాం. రణస్థలం మీదుగా నాతవలస దగ్గర హైవే దిగి విజయనగరం చేరేసరికి తొమ్మిదైంది. అది 2016, టికెట్టు వంద రూపాయల లోపే. అక్కడి నుంచి కోట దగ్గరి డాన్సు హాలుకి ఆటో.

"పిల్లల డాన్సుకేటండి?" అన్నాడు డ్రైవరు.

"కాదు, మాకే."

అద్దంలో మా ఇద్దర్నీ చూశాడు. "అయితే మెల్లగా తోల్తాను. ఇప్పుడే నడుం పట్టీసిందంటే డాన్సేటి ఆడతారు!"

నేర్పడానికి విశాఖ నుంచి స్వప్న అనే అమ్మాయి వచ్చింది. మొదట ఒక్కొక్క జంట చేత ఆడించి చూసింది. నా దగ్గర ఆగి, "ఆగాల్సిన చోట ఎందుకు కొడుతున్నారు?" అంది. జవాబు సుజాత చెప్పింది.

"పెళ్లికి ముందు తప్పెటగుళ్లు ఆడీవోడు మేడమ్, పాతపట్నం దగ్గర ఆల ఊరి దళంలో. కాలి గజ్జె ఆగితే గురువు అందరి ముందూ తిట్టీవోడట."

స్వప్న నవ్వలేదు. అందర్నీ కూర్చోబెట్టి ఒక పాట మొత్తం వినిపించింది. మొదట గాయకుడొక్కడే కథ చెబుతాడు. అప్పుడు అడుగులు చిన్నవిగా, దగ్గరగా ఉండాలి. తర్వాత ఇనుప గంట గట్టిగా మోగుతుంది, గాయకుడు ఒక వరుస అంటే బృందం ఒకటే జవాబు తిప్పి తిప్పి ఇస్తుంది. జోడీని తిప్పడం, విడిపడి ఆడడం అక్కడ. గురువు పాడితే మేమంతా అందుకోవడం నాకు అలవాటే కాబట్టి ఆ చోటు వెంటనే దొరికింది.

"ఇప్పుడు నాలుగో దెబ్బ వినండి" అంది స్వప్న. విన్నాను. నేను గుద్దే చోటే డ్రమ్ము తెరిచిన చేత్తో మోగుతోంది. "ఆ చప్పుడు డ్రమ్ము వాళ్లది. మీరు దానికి చోటివ్వాలి."

తప్పెటగుళ్లలో డప్పు మా గుండె మీదే ఉండేది. వాయించేదీ ఆడేదీ మేమే. ఇక్కడ నా గుండె మీద ఏమీ లేదు.

మధ్యాహ్నం సుజాత రెండు పాటలు బొబ్బిలి నుంచి వచ్చిన ఒకతనితో ఆడింది. బాగానే ఆడాడు. మూడో పాటకు నా చెయ్యి పట్టుకుంది. పాట చివరి దాకా నాలుగో దెబ్బ డ్రమ్ముదే.

తిరుగు బస్సులో రణస్థలం దాటాక ఆమె ఒకే మాట అంది: "స్టేజీకి ఆ నీలం సొక్కా ఏసుకో బావా."

పాత ఆట ఒంట్లోంచి పోలేదు, పోనక్కర్లేదు కూడా. పాటలో ఏ చప్పుడు ఎవరిదో తెలిశాక కాలికి పని తగ్గింది, చెవికి పెరిగింది. ఇలాంటి శిక్షణకు వెళ్లాలనుకునేవాళ్లకు ఒక సలహా: బయల్దేరే ముందు ఇంట్లో ఒక సల్సా పాట కూర్చుని పూర్తిగా వినండి. నాలుగో దెబ్బకు డ్రమ్ము వినిపించేదాకా లేవకండి.