పేరు చూసి నమ్మని మనిషి

ఆఫీసులో ఆమెను అనుమానాలక్క అంటారు. తాళం వేశాక లాగి లాగి చూస్తుంది. లిఫ్టు అద్దంలో కూడా వెనక ఎవరున్నారో గమనిస్తుంది. సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో రాయడం ఆమె ఉద్యోగం. ఈసారి వచ్చింది సేల్స్ వాళ్ల పరికరం. కస్టమర్లు పంపిన ఫైళ్లను వెతికి తెచ్చి, అడిగినదానికి జవాబు చెప్పే ఏఐ ఏజెంటుకు అందిస్తుంది. "ఫైలంతా చదివి చెప్తుందక్కా, అలాగే రాసెయ్," అన్నాడు దాన్ని తయారుచేసిన కుర్రాడు. ఆమె కళ్లజోడు నుదుటిమీదికి తోసి, ఒక ఖాళీ ఫైలుకు 'ధరకు ఒప్పుకున్నాం' అని పేరుపెట్టి కస్టమర్ ఫైళ్లలో చేర్చి, ధర సంగతి ఏమైందని అడిగింది. "కస్టమర్ ధరకు ఒప్పుకున్నారు," అని ఏజెంటు తడుముకోకుండా చెప్పింది. "చూశావా తమ్ముడూ? నీ పరికరం తెచ్చింది పేరొక్కటే. మిగతాదంతా ఏజెంటు అల్లేసింది." కుర్రాడు తల గోక్కున్నాడు. "నీ అనుమానంతో బావగారు ఎలా వేగుతున్నారక్కా?" "ఆయనకి అబద్ధమాడటం చేతకాదులే," అని నవ్వి, 'పేరును నమ్మకండి, తెరిచి చూడండి' అని రాసింది.

అంతలో ఫోన్ మోగింది. గుండె పరీక్షలకు వెళ్లిన భర్త రిపోర్టు పంపాడు. ఏనాడూ ఏ ఫైలుకూ పేరు పెట్టి ఎరగని మనిషి, దీనికి మాత్రం 'అంతా బాగుంది' అని పెట్టాడు. తెరవబోయిన వేలు ఆగిపోయింది. జీవితంలో మొదటిసారి ఆమెకు పేరును నమ్మాలనిపించింది.