ఎత్తిన రాయి ఎత్తినచోటే

మామగారికి ఉన్న పిచ్చి ఒక్కటే. ఏ వస్తువు ఎత్తినా ఎత్తినచోటే, ఎత్తినట్టే తిరిగి పెట్టాలి. ఉప్పుడబ్బా మూత ఏ వాలున ఉందో చూసుకుని మరీ తీసేవారు. "మీ నాన్న ఉప్పు వేసుకునేలోగా కూర చల్లారిపోతుందే" అని అల్లుడు భార్య దగ్గర గొణిగేవాడు. పైకి అనే ధైర్యం లేదు. ప్రింటింగ్ దుకాణం మూతపడి, కడుపుతో ఉన్న భార్యతో సహా మామగారింట్లో మకాం పెట్టినవాడికి గొణుగుడే గొప్ప.

మామగారిది చేపల పరిశోధన. చేపలంటే వల నిండా పడేవి కావు. బొటనవేలంత ఉండి, వాగు అడుగున రాయి కింద దాక్కునే ఒకే ఒక్క రకం. దాని ఒంట్లో గాలితిత్తి ఉండదు కాబట్టి పైకి తేలలేదు, బతుకంతా అడుగునే. ఈ సంగతి విన్నరోజే అల్లుడికి ఆ చేప మీద బంధుప్రీతి పుట్టింది.

"రోజంతా ఏం చేస్తుంది మామయ్యగారూ?"

"ఆడది రాయి అడుగున గుడ్లు అంటించి తన దారిన పోతుంది. మగాడు అక్కడే కూచుని రెక్కలు విసురుతూ కాపలా కాస్తాడు. తిండి కూడా సరిగ్గా తినడు."

"నేను తింటున్నానండీ" అన్నాడు అల్లుడు వినయంగా.

ఖాళీగా ఉన్నాడు కదా అని మామగారు ఒకరోజు అతని చేతికి బకెట్ ఇచ్చి వాగుకు తీసుకెళ్ళారు. తోటల అలంకారానికని జనం రాళ్ళు తోలుకుపోతుంటే ఆ చేపలకు ఇళ్ళు కరువయ్యాయి. మిగిలిన చేపలు ఎన్నో లెక్కపెట్టాలి. అల్లుడు ఉత్సాహంగా ఒక రాయి ఎత్తాడు. అడుగున నారింజరంగు గుడ్లు! తండ్రిచేప తుర్రుమంది. ఆ ఆనందంలో రాయిని తలకిందులుగా, గుడ్లు ఆకాశం చూసేలా పెట్టేశాడు.

"అయ్యో అయ్యో, ఏం మనిషివయ్యా!" మామగారు అరవడం అల్లుడు వినడం అదే మొదలు. "వాడు తిరిగొస్తాడు. ఇల్లు ఉన్నచోట ఉన్నట్టు లేకపోతే ఎక్కడని దూరతాడు?" వంగి, రాయిని తిప్పి, కాస్త జరిపి, మళ్ళీ జరిపి పెట్టారు.

అల్లుడి ముఖం మాడిపోయింది. రాయి పెట్టడమే చేతకానివాడు రేపు బిడ్డనేం పెంచుతాడు? ఇంటికొచ్చి టీ తాగబోతే సగమే గొంతు దిగింది. "పని దొరికాకే వస్తా" అని సంచి సర్దుకుని స్నేహితుడి గదికి పోయాడు. ఆ స్నేహితుడికీ పని లేదు. ఇద్దరూ కలిసి వెతికితే నిద్ర దొరికింది.

వారం తిరిగేసరికి దిగులు పట్టుకుంది. పౌరుషం మడిచి సంచిలో పెట్టుకుని తిరిగొచ్చాడు. తలుపు తోసి చూస్తే అతని కుర్చీ లాగిన వంకరలోనే ఉంది. ఇంట్లో వేసుకునే చెప్పు ఒకటి గుమ్మం దగ్గర, రెండోది సోఫా కింద. బల్లమీద సగం టీ, దానిమీద పచ్చగా బూజు.

భార్య వంటింట్లోంచి వచ్చింది. "నాన్న ఒక్కటీ ముట్టుకోనివ్వలేదండీ. 'కదిపావంటే వాడు తిరిగొచ్చి తన చోటు ఎలా పోల్చుకుంటాడే' అని ఒకటే గోల. ఆ కంపుకి చచ్చాననుకోండి!"

అల్లుడి కళ్ళు చెమ్మగిల్లాయి. కంపు వల్లే అని సర్దిచెప్పుకున్నాడు.

మామగారు బకెట్‌తో బయటికొచ్చారు. "వచ్చావా? ఆ రాయి కింది మగాడు ఆ సాయంత్రమే వచ్చేశాడయ్యా. నువ్వే కాస్త ఆలస్యం."

అల్లుడు వంకర కుర్చీని సరిచేయకుండానే కూర్చున్నాడు. "మామయ్యగారూ, ఈ గ్లాసు కడగొచ్చాండీ?"

"కడుగు" అన్నారాయన. "కడిగి అక్కడే పెట్టు."